మెడల్ ఉంది సరే... ఏ లెవెల్‌ది?

‘జిమ్నాస్టిక్స్‌లో గోల్డ్ మెడల్’ అని రెజ్యుమెలో ఒక లైన్ రాసేస్తే సరిపోదు. స్పోర్ట్స్ కోటాకు దరఖాస్తు చేస్తే వెంటనే ఎదురయ్యే ప్రశ్న- ఏ లెవెల్? జిల్లాదా, రాష్ట్రానిదా, నేషనల్సా? ఏ వయసు విభాగం? ఈ ఆటలో స్థాయి తెలియకుండా పతకానికి విలువ కట్టడం కష్టం.

మన దగ్గర మెట్లు వయసును బట్టి ఉంటాయి. సబ్‌జూనియర్, జూనియర్, సీనియర్ జాతీయ పోటీలు ఒక దారి. అండర్-14, 17, 19 స్కూల్ గేమ్స్ ఇంకో దారి. అంతర్జాతీయంగా సీనియర్ విభాగంలో దిగాలంటే ఆ ఏడాదికి అమ్మాయిలకు 16, అబ్బాయిలకు 18 ఏళ్లు నిండాలి.

అమెరికాలో ఉన్న బంధువులు ‘మా పాప లెవెల్ 4’ అంటుంటారు కదా, అది వేరే లెక్క. అక్కడ 1 నుంచి 10 వరకు లెవెల్స్ నైపుణ్యాన్ని బట్టి ఉంటాయి. 5 వరకు అందరూ ఒకే రొటీన్ చేయాలి. 6 నుంచి సొంత రొటీన్. మార్కులు పదికే. కాబట్టి లెవెల్ 4లో 9.5 వచ్చిన పాప, లెవెల్ 8లో 9 వచ్చిన అమ్మాయి కంటే మెరుగని అనుకోకూడదు.

పై స్థాయిలో ఆ పది పరిమితి పోతుంది. విన్యాసం ఎంత కష్టమైనదో దానికి కొన్ని మార్కులు (డి స్కోర్), ఎంత శుభ్రంగా చేశారో దానికి పదిలోంచి కోతలు పోగా మిగిలినవి (ఇ స్కోర్). రెండూ కలిపితే ఫలితం. కింద పడితే ఒక మార్కు పోయినట్టే. 2016 రియో ఒలింపిక్స్ వాల్ట్ ఫైనల్లో దీపా కర్మాకర్ ఎంచుకున్న ప్రొడునోవా కష్టం విలువ 7.0. అయితే ల్యాండింగ్‌లో బాగా కిందికి కుంగిపోవడంతో మార్కులు తగ్గాయి. చివరికి 15.066తో నాలుగో స్థానం. కాంస్యానికి 15.216. తేడా 0.150 మాత్రమే! మన హైదరాబాద్ అమ్మాయి అరుణా రెడ్డి 2018లో మెల్‌బోర్న్ ప్రపంచకప్ వాల్ట్‌లో 13.649తో కాంస్యం గెలిచింది. స్కోరు మాత్రమే చూస్తే దీపాది ఎక్కువ, పతకం మాత్రం అరుణకు వచ్చింది. ఏ పోటీ, ఎవరితో పోటీ అన్నది చూడకుండా అంకెలు పోల్చడం దండగ.

ఇక ఉద్యోగం సంగతి. కేంద్ర ప్రభుత్వ కొలువుల స్పోర్ట్స్ కోటా జాబితాలో జిమ్నాస్టిక్స్ ఉంది. సర్టిఫికెట్లు నిర్ణీత ఫారాల్లో ఉండాలి. దేశం తరఫున ఆడితే ఫారం-1, రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లో ఆడితే ఫారం-2, ఇంటర్ యూనివర్సిటీకి ఫారం-3, జాతీయ స్కూల్ గేమ్స్‌కు ఫారం-4. జిల్లా పతకానికి ఇందులో చోటు లేదు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఇంట్లో షోకేస్ నిండా కప్పులున్నా పనికొచ్చే కాగితం ఒక్కటీ ఉండదు.

టెన్త్ తర్వాత ఆట ఆపేసి ఇప్పుడు డిగ్రీలో ఉన్నారా? ఒక దారి ఇంకా మిగిలే ఉంది. యూనివర్సిటీ జట్టు సెలక్షన్స్ ఎప్పుడో మీ కాలేజీ పీడీ గారిని అడగండి. అయితే ఆరేళ్ల గ్యాప్ తర్వాత పది సెంటీమీటర్ల వెడల్పున్న బీమ్ మీద బ్యాక్ ఫ్లిప్ కొట్టేస్తామనుకుంటే మోకాళ్లు ఊరుకోవు.

ఆడే వయసు దాటిందనుకుంటే కోచింగ్ ఉంది. పటియాలా ఎన్ఐఎస్‌లో డిప్లొమా, ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు రెండూ నడుస్తాయి. కానీ ఆ ఉద్యోగంలో సగం పని తల్లిదండ్రులతోనే. ‘పక్కింటి పిల్ల పై లెవెల్‌కి వెళ్లింది, మా పిల్ల ఎందుకు వెళ్లలేదు సార్?’ అని అడుగుతారు. ఎముకలింకా ఎదుగుతున్న పిల్లను తొందరపెట్టకుండా, వారికి నచ్చజెప్పగలగాలి.

ఇప్పటికే నేషనల్స్ ఆడినవాళ్లు మాత్రం నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగొద్దు. ఏయే సంవత్సరాల్లో ఆడినవి చెల్లుతాయో ఒక్కో నోటిఫికేషన్‌లో ఒక్కోలా ఉంటుంది. ఫారం-2 మీద రాష్ట్ర సంఘం కార్యదర్శి, ఫారం-3 మీద యూనివర్సిటీ క్రీడల అధికారి సంతకం కావాలి. రికార్డులు చేతికందేలా ఉన్నప్పుడే ఆ పని పూర్తి చేసుకోండి.