కొత్తపేటను ఎక్కడ విరవాలి?

మీ తెలుగు వాచకంలో ఏదో ఒక పుట తెరిచి చూడండి. పంక్తులన్నీ ఎడమవైపు ఒకే నిలువుగీత దగ్గర మొదలవుతాయి. కుడివైపు కూడా ఒకే గీత దగ్గర ఆగుతాయి. మాటలేమో కొన్ని పొట్టివి, కొన్ని పొడుగువి. మరి పంక్తులన్నీ సమానంగా ఎలా వచ్చాయి?

దీనికి రెండు ఉపాయాలున్నాయి. మాటల మధ్య ఖాళీని పెంచడమో తగ్గించడమో మొదటిది. పంక్తి చివర పట్టని మాటను విరిచి, మిగిలిన ముక్కను కింది పంక్తికి దింపడం రెండవది. మొదటి ఉపాయం ఒక్కదానినే నమ్ముకుంటే చిక్కే. 'అమలాపురంవాళ్ళందరికీ' వంటి పొడుగుమాట పత్రికలోని సన్నని కాలంలో పట్టక మొత్తంగా కిందికి దిగిందనుకోండి. పైన మిగిలిన రెండు మాటల మధ్య పడవ పట్టేంత ఖాళీ మిగులుతుంది! కాబట్టి మాటను విరవక తప్పదు. ఎక్కడ విరవాలన్నదే ప్రశ్న.

అక్షరాన్ని చీల్చరాదు

సీసపు అచ్చులను చేతితో పేర్చే రోజులలో ఈ నిర్ణయం కంపోజిటర్ చేసేవాడు. అతనికి తెలుగు చదవడం వచ్చు గనుక, ఎక్కడ విరిస్తే మాట చెడిపోదో తెలుసు. ఇప్పుడు ఆ పని కంప్యూటరులోని డి.టి.పి. ప్రోగ్రాము చేస్తోంది. దానికి తెలుగు రాదు. అక్షరాలకు బదులు అంకెలే దానికి తెలుసు.

'కొత్తపేట' అనే మాట తీసుకుందాం. మనకు ఇందులో కనబడేవి నాలుగు అక్షరాలు: కొ, త్త, పే, ట. యూనికోడ్ పద్ధతిలో కంప్యూటరు దాచుకునేవి మాత్రం ఎనిమిది గుర్తులు: క, ఒత్వం, త, పొల్లు, త, ప, ఏత్వం, ట. ఎనిమిది గుర్తుల మధ్య ఏడు సందులుంటాయి. వాటిలో విరవదగినవి మూడే. మరోచోట విరిస్తే గుణింతం ఒక పంక్తిలో, హల్లు మరో పంక్తిలో పడతాయి. లేదా ఒత్తు ఊడిపోతుంది.

ఆ మూడు సందులూ సమానమేనా? కావు. 'కొత్త-పేట' అని విరిస్తే కన్ను తడబడదు. 'కొ-త్తపేట' అంటే ఒక్క క్షణం ఆగిపోతాం. 'మామిడి-కుదురు' బాగుంది, 'మా-మిడికుదురు' బాగాలేదు. 'కాలువగట్టు'ను 'కాలు-వగట్టు' చేస్తే చదివేవాడు ముందు తన కాలే తలుచుకుంటాడు!

అంకెల పోటీ

యంత్రానికి ఈ విరుపు నేర్పే చక్కని ఉపాయాన్ని ఫ్రాంక్లిన్ లియాంగ్ 1983లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో తన పరిశోధన గ్రంథంలో వివరించాడు. ఆయన గురువు డొనాల్డ్ క్నూత్, 'టెక్' అనే అచ్చుకూర్పు ప్రోగ్రాము సృష్టికర్త. లియాంగ్ పద్ధతిలో అక్షరాల మధ్య సందులలో అంకెలు ఉంటాయి. బేసి అంకె ఉంటే విరవవచ్చు. సరి అంకె ఉంటే విరవరాదు. ఒకే సందులో రెండు అంకెలు పోటీపడితే పెద్దదే గెలుస్తుంది.

తెలుగుకు దీన్ని అన్వయించి చూద్దాం. ప్రతి హల్లుకు ముందు 1, పొల్లుకు ముందూ వెనుకా 2 అని నియమం పెట్టామనుకోండి. 'త్త'లో రెండవ త ముందు 1, 2 రెండూ చేరతాయి. 2 గెలుస్తుంది. ఒత్తు చీలదు! ఇలాంటి తెలుగు నియమాల పట్టికను కేరళకు చెందిన సంతోష్ తొట్టింగల్ తయారుచేశారు. టెక్‌తో పాటు లిబ్రేఆఫీస్‌లో కూడా తెలుగు పట్టిక ఉంది.

అయితే నియమాలకు అర్థం తెలియదు. ఇంగ్లీషుకు లియాంగ్ చేసిన 4,447 నియమాలు నిఘంటువులోని విరుపులలో 89 శాతాన్ని పట్టుకున్నాయి. అవి తప్పుగా విరిచే మాటలకోసం 14 మాటల చిన్న మినహాయింపుల జాబితా చేర్చారు. 'ప్రెజెంట్' అందులో ఒకటి. బహుమతి అన్న అర్థంలో ఒకచోట, బహూకరించు అన్న అర్థంలో మరొకచోట విరుగుతుంది గనుక, దాన్ని అసలు విరవవద్దని చెప్పారు.

మన సొంత జాబితా

ఇలాంటి జాబితా మనమూ తయారుచేసుకోవచ్చు. లిబ్రేఆఫీస్ సొంత నిఘంటువులో 'కాలువ=గట్టు' అని వ్రాస్తే ఆ గుర్తు దగ్గరే విరవమని అర్థం. ఇన్‌డిజైన్‌లో 'కాలువ~గట్టు' అని వ్రాస్తారు. 'అంతర్వేది' మాత్రం వేరే రకం. అర్థం ప్రకారం 'అంతర్', 'వేది' అని విరవాలి. కాని 'ర్వే' ఒకే అక్షరం; చీల్చరాదు. ఇలాంటి మాటను విరవకుండా వదలడమే మేలు. అందుకు లిబ్రేఆఫీస్‌లో మాట చివర = గుర్తు, ఇన్‌డిజైన్‌లో మాట మొదట ~ గుర్తు పెడతారు.

తెలుగులో మరో చిక్కు ఉంది. జాబితాలో 'అమలాపురం' ఒక్కటే వ్రాస్తే చాలదు. 'అమలాపురంలో', 'అమలాపురానికి', 'అమలాపురపు' అనేవి కంప్యూటరుకు వేరువేరు మాటలు. తరచుగా వచ్చే రూపాలన్నీ చేర్చుకోవలసిందే.

'రాజోలు'ను 'రాజో-లు' అని విరిస్తే ఒంటరి 'లు' కింది పంక్తికి దిగుతుంది. చివర కనీసం రెండు ఉండాలని ప్రోగ్రాముకు చెప్పినా, అది గుర్తులను లెక్కపెట్టేదైతే 'లు'ను రెండుగానే లెక్కిస్తుంది: ల ఒకటి, కొమ్ము ఒకటి. అప్పుడు మూడు అని చెప్పాలి.

జాబితా తయారయ్యాక అన్ని కంప్యూటర్లలోనూ ఒకే ప్రతి ఉంచాలి. లేకపోతే ఒకచోట సరిచూసిన పుట, మరోచోట తెరవగానే వేరే విధంగా విరుగుతుంది. ఒక పంక్తి పెరిగినా చాలు, చివరి మాట పక్కపుటలోకి పోవచ్చు. తొందరపడి మాట మధ్యలో మామూలు గీత కొట్టడమూ తప్పే. వాక్యం మారి ఆ మాట పంక్తి మధ్యకు వచ్చినా గీత అక్కడే నిలిచిపోతుంది.

మీరూ చేసి చూడండి

ఒక కాగితంమీద ఈ పేర్లు వ్రాసుకోండి: ముక్తేశ్వరం, అయినవిల్లి, కాట్రేనికోన, సఖినేటిపల్లి, ఉప్పలగుప్తం. ముందు ఒక్కొక్కదానిలో ఎన్ని అక్షరాలు, ఎన్ని గుర్తులు ఉన్నాయో లెక్కపెట్టండి. ముక్తేశ్వరానికి జవాబు: నాలుగు అక్షరాలు, పదకొండు గుర్తులు. తరువాత విరవదగిన సందులన్నిటా చిన్న చుక్క పెట్టి, వాటిలో మంచిదాన్ని ఎంచండి. మీ స్నేహితుడు ఎంచినదీ, మీరు ఎంచినదీ ఒకటేనా? కాకపోతే ఇద్దరూ కారణాలు చెప్పుకోండి. ఆ కారణాలను వ్రాసిపెడితే అదే మీ ఊరి పేర్ల జాబితాకు నాంది.