రాత్రి కూడా లెక్కలోనిదే

కష్టసుఖాలు కావడి కుండలని మన పెద్దలు చెప్తుంటారు. ఉగాదినాడు బెల్లంతోపాటు వేపపువ్వూ తింటాం. కాని నిజంగా ఒక చీకటిరోజు మన మీదికి వచ్చేసరికి ఆ మాటలేవీ గుర్తుకు రావు. ఒక్క సబ్జెక్టు తప్పితే చాలు, బతుకే తప్పిపోయినట్లు గది తలుపులు వేసుకునే మిత్రుల్ని హాస్టల్లో మనమందరం చూస్తూనే ఉన్నాం. వృక్షశాస్త్రం చదువుకుంటున్న విద్యార్థిగా, మొక్కలు చెప్పే సంగతి ఒకటి మీ ముందుంచుతాను.

1920లో అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన గార్నర్, అల్లార్డ్ అనే శాస్త్రజ్ఞులు ఒక పొగాకు రకం గురించి రాశారు. వేసవంతా అది ఏపుగా పెరిగేదే గాని పూసేది కాదు. పెందలాడే చీకటి గదిలో పెట్టి పగటిని కుదిస్తే పూసింది. ఇటువంటి వాటిని హ్రస్వ దీప్తికాల మొక్కలన్నారు. 1938లో హామ్నర్, బానర్ అనేవారు మన బీళ్ళలోనూ కనిపించే మరులమాతంగి మొక్క మీద ప్రయోగాలు చేశారు. పగటి మధ్యలో కాసేపు చీకటి చేస్తే దానికేమీ కాలేదు. పొడుగాటి రాత్రి మధ్యలో కొద్దిసేపు దీపం వెలిగిస్తే మాత్రం పూత ఆగిపోయింది. అంటే ఆ మొక్క లెక్కపెట్టేది ఎడతెగని రాత్రిని!

పాతకాలపు సార్వా వరి రకాలు చాలావరకు ఇంతే. పొద్దు తగ్గి రాత్రి పెరిగితేగాని ఈనవు. చేమంతి తోటల్లో పూత వాయిదా వెయ్యటానికి రాత్రిళ్ళు బల్బులు వెలిగించేదీ ఇందుకే. అలాగని చీకటి ఒక్కటే చాలదు. ఆకులో పిండిపదార్థం తయారవటానికి వెలుతురు ఉండాల్సిందే. మొక్కకి రెండూ కావాలి.

అయితే మొక్కకు దుఃఖం లేదు, మనకుంది. ప్రతి చీకటీ మేలే చేస్తుందని నేననను. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోతకొచ్చిన మా చేను నీళ్ళల్లో పడిపోయింది. అందులో మేలేమిటని అడిగితే నా దగ్గర జవాబు లేదు. నాన్న ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. అమ్మ ఆయన్ని ఓదార్చబోలేదు. అన్నం పెట్టి పక్కన కూర్చుంది. మర్నాడు బోదెలు తీసి నీళ్ళు బయటికి పంపాం. వెన్ను మీదే గింజ మొలకెత్తకుండా లీటరుకు 50 గ్రాముల ఉప్పు కలిపి పిచికారీ చేశాం. పోయింది పోగా కొంత దక్కింది. అప్పు నిలిచింది. మరుసటి సార్వాకి మళ్ళీ నారు పోశాం.

చీకటిని ఒప్పుకోవటమంటే నాకు తెలిసినంతవరకు ఇదే. ఏడవాల్సినంత ఏడ్చి, తెల్లారాక చెయ్యగలిగిన పని చెయ్యటం. తప్పిన పరీక్ష మళ్ళీ వస్తుంది. తలుపు వేసుకున్న మిత్రుడెవరైనా ఉంటే వెళ్ళి తట్టండి. అంతా మన మంచికేనంటూ నడిరాత్రి బల్బు వెలిగించనక్కర్లేదు. ఇంత అన్నం తినిపించి, తెల్లారేదాకా పక్కన కూర్చోండి.