ఆడిన మాట, ఆడని మాట

రచయిత యే తలంపుతో గ్రంథమును వ్రాసినాడో, పాఠకులును ఆ తలంపుతోనే దానిని స్వీకరింతురని చెప్పుటకు వీలులేదు. ‘లోన్సమ్ డవ్’ అను అమెరికా నవల ఇందుకు మంచి నిదర్శనము. పశువుల మందలను తోలుకొనిపోయిన కౌబాయ్‌ల జీవితమును గూర్చి జనులు అల్లుకొనిన తీయని కలను చెదరగొట్టవలెనని దాని రచయిత సంకల్పించినారు. చదివినవారును, తెరపై చూచినవారును ఆ కథనే తీయని కలగా గుండెకు హత్తుకొనినారు. నవల వెలువడి 40 సంవత్సరములు గడచినను ఆ మక్కువ తరుగలేదు. దానికి కారణమేమో ఇచట కొంత విచారింతము.

రచయిత లారీ మెక్‌మర్ట్రీ 1936లో టెక్సాస్ రాష్ట్రమున, పశుపోషణయే వృత్తిగా గల కుటుంబమున జన్మించినారు. ఆయనకు మాత్రము పశువులకంటె పుస్తకములే ప్రియమైనవి. జీవితములో చాలభాగము పాతపుస్తకముల వ్యాపారము చేసినారు. గతించిన పల్లెబ్రతుకును తలచుకొని నిట్టూర్చుట చాలింపుడని 1981లో తోటి టెక్సాస్ రచయితలను ఘాటుగా మందలించినారు. అట్టి ఆయనయే నాలుగేండ్లకు, 1985లో, 800 పుటలకు మించిన ‘లోన్సమ్ డవ్’ను ప్రకటించుట వింతగా తోచును. దీని బీజము అంతకు ముందటిది. 1970 దశకము తొలినాళ్ళలో జాన్ వేన్, జేమ్స్ స్టూవర్ట్, హెన్రీ ఫాండాలకై ఆయన ఒక చలనచిత్ర కథను సిద్ధము చేసినారు. జాన్ వేన్ సమ్మతింపకపోవుటచే అది మూలబడినది. ఆ కథయే తరువాత నవలగా పెరిగి, 1986లో పులిట్జర్ బహుమానమును పొందినది.

కథ 1870 దశకము చివరి నాటిది. మెక్సికో సరిహద్దున, రియో గ్రాండీ నదికి చేరువలో, లోన్సమ్ డవ్ అను దుమ్ము కొట్టుకొనిన ఊరు. అచట ఆగస్టస్ మెక్రే, వుడ్రో కాల్ అను ఇరువురు మిత్రులుందురు. ఒకప్పుడు వారు టెక్సాస్ రేంజర్లను రక్షకదళమున కెప్టెనులు. మెక్రే మాటకారి, పని తప్పించుకొనుటలో ఘనుడు. కాల్‌కు పనియే లోకము, మాట బహు పొదుపు. ఉత్తరమున మోంటానాలో పచ్చికబయళ్ళు కలవని విని, వారు సరిహద్దు దాటి పశువులను దొంగిలించి, మందగట్టి, దేశము ఈ కొసనుండి ఆ కొసకు తోలుకొనిపోవుదురు. నది దాటుచుండగా పాములు కఱచి ఒక కుఱ్ఱవాడు మరణించును. పాత స్నేహితుడొకడు హంతకులతో చేరిపోగా, ఆ మిత్రులే అతనిని ఉరితీయవలసివచ్చును. తుదకు మెక్రే బాణపు దెబ్బలు తిని, ఒక కాలు పోగొట్టుకొని, రెండవ కాలు తీయనీయక ప్రాణము విడుచును. తాను వలచిన క్లారాతో ఒకప్పుడు సుఖముగా గడపిన టెక్సాస్ తోటలో తన్ను పూడ్చవలెనని మిత్రునిచే మాట తీసికొనును. కాల్ ఆ దేహముతో, వచ్చిన దారినంతయు మరల నడచును.

ఈ ఘట్టము కేవల కల్పితము కాదు. 1867లో ఆలివర్ లవింగ్ అను పశువర్తకుడు కొమాంచీల చేత గాయపడి ఫోర్ట్ సమ్నర్‌లో మరణింపగా, ఆయన భాగస్వామి చార్లెస్ గుడ్‌నైట్ ఆ దేహమును టెక్సాసునకు చేర్చి మాట నిలుపుకొనినాడు.

1989 ఫిబ్రవరి 5 నుండి 8 వరకు, నాలుగు రాత్రులు, ఈ కథ సి.బి.యస్. టెలివిజనులో ప్రసారమైనది. కౌబాయ్ కథలకు కాలము చెల్లినదని పలువురు తలచుచున్న దినములవి. బిల్ విట్లిఫ్ రచనకు సైమన్ విన్సర్ దర్శకత్వము వహించినారు. మెక్రేగా రాబర్ట్ డువాల్, కాల్‌గా టామీ లీ జోన్స్ నటించినారు. ధారావాహికకు ఏడు ఎమ్మీ బహుమతులు వచ్చినవి గాని, ఆ యేటి ఉత్తమ ధారావాహిక గౌరవము మరియొక దానికి దక్కినది. ప్రేక్షకులు ఆ లోటును తీర్చినారు. ఏటేట ఇంటిల్లిపాదియు కూర్చుండి చూచువారు కలరు. మెక్రే చమత్కారములను వల్లించువారు కలరు. ఆస్టిన్, శాన్ ఆంటోనియో నగరముల నడుమ శాన్ మార్కస్‌లో గల టెక్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయమున, విట్లిఫ్ సేకరణశాలలో ఆ చిత్రపు దుస్తులు, సామగ్రి భద్రపరచబడియున్నవి. టెక్సాసున స్థిరపడిన మన తెలుగు కుటుంబములకును అది దూరము కాదు.

ఇంతటి ప్రేమ ఆయనను కలవరపెట్టినది. నవలను ‘గాన్ విత్ ది విండ్’తో పోల్చుకొనినారు, అది మెప్పుగా అనిన మాట కాదు. పాఠకులు పొరబడినారా?

మెక్రే తమ పశువుల కొట్టము ముందటి పలకపై, తనకే అర్థము తెలియని లాటిన్ సామెత నొకదానిని వ్రాయును. దాని రూపము చెడినది. నవల దానిని వివరింపదు. మూలమును వెదకినవారికి తేలిన భావమిది: ఒక ద్రాక్ష మరియొక ద్రాక్షను చూచి పండును. ఆరునెలలు సావాసము చేసిన వారు వీరగుదురని మనవారు అనలేదా! మెక్రే నలుగురిలో పండిన మనిషి. కాల్ ముప్పది యేండ్ల స్నేహములోను పండలేదు.

న్యూట్ అను కుఱ్ఱవాడు కాల్ కన్నకొడుకే. విడిపోవునప్పుడు కాల్ అతనికి తన గుఱ్ఱమునిచ్చును, తుపాకినిచ్చును, తన తండ్రి గడియారమునిచ్చును. “నీవు నా కొడుకువు” అను ఒక్క మాట మాత్రము ఇయ్యలేకపోవును. దారిలో క్లారా అతనిని నిలదీయును. చచ్చినవానికి ఇచ్చిన మాటకంటె, బ్రదికియున్న బిడ్డకు తండ్రి పేరు మిన్న గదా యని ఆమె వాదము. కాల్‌కు బదులు తోచదు.

అభిమానులు ప్రేమించినది ఆడిన మాటను. రచయిత చూపదలచినది ఆడని మాటను. రెండును ఒక మనుష్యునివే. వేయి కోసుల దూరము శవమును మోయగలిగినవాడు ఒక మాటను మోయలేకపోయినాడు. ఈ కథ చల్లారకుండుటకు రహస్యమిదియే యని మా తలంపు. ఇంటి బరువులన్నియు మోసి, ప్రేమను మాత్రము నోట పలుకలేని తండ్రులు ఏ దేశమున లేరు? అట్టి తండ్రిని ఎఱిగినవారు కాల్‌ను ద్వేషింపలేరు, క్షమింపలేరు. అందుచేతనే మరల మరల అతని కడకు పోవుచుందురు.