అఫ్రొడైటీ, కనకవల్లి, వల్లి

ప్రాచీన గ్రీకులు ప్రేమకు అధిదేవతగా స్త్రీమూర్తిని భావించిరి. ఆమెయే అఫ్రొడైటీ. మనయందు ఆ యధికారము మన్మథునిది. రతీదేవి అతని సహధర్మచారిణి. దీనిని బట్టి మనకు ప్రేమదేవత లేదని తలచువారు కలరు. అది సరికాదు. గ్రీకులు ఒక్క మూర్తియందు నిలిపిన లక్షణములను మనవారు పలువురు దేవతలకు పంచిరి. ఆ పంపకమును కనుగొనుటకు తెలుగువారు తరతరములుగా సేవించుచున్న తిరువళ్లూరు, తిరుత్తణి క్షేత్రములే చాలును.

క్రీ.పూ. 700 ప్రాంతమువాడగు హెసియడ్ కవి ఆమె జన్మమును ఇట్లు చెప్పెను. ఆకాశదేవుడగు ఊరనోసు అంగమును అతని కుమారుడే ఖండించి సముద్రమున వైచెను. అచట పుట్టిన నురుగునుండి ఆమె వెలువడి సైప్రసు ద్వీపమున అడుగిడెను. గ్రీకు భాషలో ‘అఫ్రోస్’ అనగా నురుగు. హోమరు మాత్రము ఆమెను జ్యూసు, డయోనీల కూతురనెను.

ఈ కథ విన్నంతనే మనకు పాలకడలి స్ఫురింపక మానదు. లక్ష్మియు సముద్రసంభవయే. ఏరోసు అఫ్రొడైటీకి కుమారుడైనట్లు, మన్మథుడు లక్ష్మీకుమారుడు. రోమనులు వీనసు పేర పిలిచిన శుక్రవారము మనకు లక్ష్మీపూజకు ప్రశస్తమైన దినమగుట మరియొక వింత. మన శుక్రుడు గడ్డము పెంచిన రాక్షసగురువు గదా! అయినను పోలిక యంతటితో సరి. అఫ్రొడైటీ భర్తను వంచించి యుద్ధదేవుని కూడి వలలో చిక్కి దేవతల నవ్వులపాలైనట్లు ఒడిస్సీ కావ్యము చెప్పుచున్నది. తిరువళ్లూరు వీరరాఘవస్వామి సన్నిధి నున్న కనకవల్లి తాయారు చరిత్రమో? ఆమె ధర్మసేనమహారాజునకు వసుమతియను కూతురై పుట్టి, స్వామినే వరించి పెండ్లాడెనని స్థలపురాణము.

అయినచో వలపు, వెంబడింపు, వేషములు వేయుట, వీని కథ ఎచ్చట? అది కొండమీద నున్నది. తొల్కాప్పియము కొండనేలకు సేయోనును, అనగా మురుగనును, దైవముగా చెప్పినది. ఆ నేలకు సంబంధించిన తమిళ పద్యములకు నాయికానాయకుల కలయికయే విషయము. గ్రీకుల ప్రేమ అలలపై పుట్టగా, ఇచటి ప్రేమ కొర్రచేని మంచెపై పుట్టినది. వేటరాజు పెంచిన వల్లి చేనిని కాచుచు పిట్టలను తోలుచుండెను. స్వామి వేటగాడై వచ్చెను, ముసలివాడై వచ్చెను. తుదకు అన్న వినాయకుడు ఏనుగై బెదరింపగా ఆమె భయపడి ఆ ముసలివానినే ఆశ్రయించెను. వల్లిమలలో మొదలైన ఈ వలపు తిరుత్తణిలో వివాహమైనదని క్షేత్రకథ.

ప్లేటో ‘సింపోజియము’లో పౌసనియసు అను పాత్ర అఫ్రొడైటీలు ఇద్దరనును: ఒకతె దివ్యురాలు, మరియొకతె సామాన్యజనుల దేవత. రెండవ యామెను అతడు తక్కువగా చూచెను. మన పెద్దలు దేవేంద్రుని కూతురగు దేవసేనను క్రియాశక్తియనియు, వేటవారి పడుచగు వల్లిని ఇచ్ఛాశక్తియనియు చెప్పిరి గాని, వల్లిని తక్కువ చేయలేదు. స్వామికి ఇరుప్రక్కల ఇరువురును నిలిచిరి. ఈ విషయమున మనవారి చూపే విశాలమైనదని నాకు తోచుచున్నది.

తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 వరకు చిత్తూరు జిల్లాలోనే యుండెను. నేడది 1997లో ఏర్పడిన తిరువళ్లూరు జిల్లాలోనిది. ఎల్ల మారినను దారి మారలేదు. ఆడికృత్తికనాడు చిత్తూరు సీమ తెలుగువారు నేటికిని కావళ్లు భుజమున నిడుకొని, సంవత్సరమునకు దినములెన్నియో అన్నియని చెప్పుకొను ఆ 365 మెట్లు ఎక్కి, వల్లీదేవసేనలతో కూడిన స్వామిని దర్శించుచున్నారు.