కల్పన వేరు, అబద్ధం వేరు



కొన్నేళ్ల క్రితం మేము ఒక కథ రాశాము. మా సంఘంలోని ఒక విధవరాలి కొడుకు జ్వరంతో చనిపోయాడు. ఆ సంగతినే కథగా అల్లుతూ, చదివేవారు సంతోషిస్తారని చివరికి పిల్లవాణ్ణి బ్రతికించాము. స్త్రీల కూడికలో చదివినప్పుడు అందరూ మెచ్చుకున్నారు. ఆమె మాత్రం కూడిక ముగిసేదాకా ఆగి, "అయ్యగారూ, కథలో పిల్లోడు బ్రతికాడు. మరి మా వాడు పోయిన రాత్రి దేవుడు మా ఇంట్లో లేడంటారా?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు.

అయితే కథలో కల్పన ఉండకూడదా? తప్పక ఉండవచ్చు. యేసు ప్రభువు చెప్పిన మంచి సమరయుని కథ ఉపమానమే. కాని యెరూషలేము నుండి యెరికోకు దిగే దారి నిజంగా ఉన్నదే. దెబ్బలు తిన్నవాణ్ణి చూచి ప్రక్కగా తొలగిపోయే మనసు మనందరిలోనూ ఉన్నదే. మంచి కల్పన ఆ నిజాన్ని మనకు చూపిస్తుంది. మా కథ నిజాన్ని కప్పిపెట్టింది.

మన గుర్రం జాషువా గారిని చూడండి. 1895లో వినుకొండలో పుట్టి, క్రైస్తవ కుటుంబంలో పెరిగిన ఆయన అంటరానితనపు బాధను స్వయంగా అనుభవించారు. 1941లో వెలువడిన 'గబ్బిలం'లో ఒక పేద అంటరానివాడు, కాశీలోని శివునికి తన గోడు చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. కాళిదాసు కావ్యంలో రాయబారి మేఘం. ఇక్కడ గబ్బిలమెందుకు? గుడిలోకి ఆ మనిషికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. రాయబారం కల్పనే గాని, మూసిన తలుపు కల్పన కాదు. అందుకే ఆ కావ్యం నేటికీ మనసును కదిలిస్తుంది.

మన ఇళ్లలోనూ రాసేవారున్నారు. క్రిస్మస్ నాటిక రాసే యౌవనస్థులున్నారు, సాక్ష్యం రాసి పంపే తల్లులున్నారు. తాగుడు మానిన భర్తను గూర్చి రాసేటప్పుడు, మధ్యలో రెండుసార్లు మళ్లీ తాగాడన్న మాట దాచవద్దు. అదే కష్టంలో ఉన్న మరో ఇల్లాలికి ఆ మాటే ధైర్యమిస్తుంది. పేతురు బొంకిన సంగతిని నాలుగు సువార్తలూ దాచలేదు గదా!

మేము ఆ కథను తిరిగి రాశాము. ఈసారి పిల్లవాడు బ్రతకలేదు. ఆ రాత్రి తెల్లవార్లూ తల్లి ప్రక్కన కూర్చున్న ఇరుగుపొరుగు వారిని గూర్చి రాశాము. ముందుగా ఆమెకే చదివి వినిపించాము. ఆమె కళ్లు తుడుచుకొని, "ఇది మా ఇల్లేనండీ" అన్నది.