కణము కబళించు తీరు

1882వ సంవత్సరమున ఇటలీలోని మెస్సీనా పట్టణమందు ఇల్యా మెచ్నికోవ్ అను రష్యన్ శాస్త్రజ్ఞుడు, గాజువలె పారదర్శకమైన నక్షత్రమత్స్యపు డింభకమున గులాబీ ముల్లు గ్రుచ్చి, మఱునాటి యుదయమున సూక్ష్మదర్శినిలో చూడగా, సంచారశీలములైన కణములు ఆ ముంటిని ముట్టడించియుండెను. మన తెల్ల రక్తకణములు సూక్ష్మజీవులను కబళించునను సిద్ధాంతమునకు ఆ ముల్లే మూలము. అందులకే 1908లో ఆయన పాల్ ఎర్లిక్‌తో కలసి నోబెల్ బహుమానమును పంచుకొనెను.

కాని, కన్నులు లేని కణము పరాయిదానిని గుర్తించుటెట్లు? రక్తమందలి యాంటీబాడీలు సూక్ష్మజీవికి అంటుకొని తమ తోకలను వెలుపలికి నిలుపును. కాంప్లిమెంట్ అను ప్రోటీనుల తునకలును దానిపై పేరుకొనును. కణపు పైపొరయందలి ఎఫ్‌సీ గ్రాహకములు ఆ తోకలను, సీఆర్3 అను గ్రాహకములు ఈ తునకలను పట్టుకొనును.

పట్టుకొన్నంతమాత్రమున మ్రింగినట్లు కాదు. అనేకములైన ఎఫ్‌సీ గ్రాహకములు ఒకచోట గుమిగూడిననే లోపలికి సంకేతము పోవును. అప్పుడు ఆక్టిన్ తంతువులు అల్లుకొని, పైపొరను బాహువులవలె ముందుకు త్రోయును. ఆ బాహువులు జిప్పు పన్నువెంబడి పన్ను పడినట్లు, అడుగడుగునను క్రొత్త పట్టు దొరకిననే సాగును. 1970ల దశకమున న్యూయార్క్‌లో శామ్యూల్ సిల్వర్‌స్టీన్ బృందము, యాంటీబాడీలన్నియు ఒక్క ప్రక్కకే చేరిన కణములను భక్షకకణములకు అందించగా, అవి వానిని గట్టిగా పట్టుకొన్నవేకాని మ్రింగలేదు! పరీక్షకుల యుక్తిని మెచ్చుకొనకుండుట నాకు సాధ్యము కాదు.

సీఆర్3 స్వభావము మఱియు విచిత్రము. విశ్రాంత దశలో అది ముడుచుకొనియుండి, కాంప్లిమెంట్ పూసిన కణమును ఊరక అంటిపెట్టుకొనునేకాని మ్రింగదు. ఎఫ్‌సీ గ్రాహకముల సంకేతము లోపలినుండి వచ్చి తాకగా నిటారుగ నిలిచి, గట్టిగా బిగించును. ఒకటి మేల్కొలుపగా వేఱొకటి పట్టు బిగించును. ఏకాకిగా చేయరాని పని ఇట్లు నెఱవేఱును.

సీఆర్3లో భాగమైన ప్రోటీను జన్మతః లోపించిన శిశువులు కొందఱు కలరు. వారి నెత్తురున తెల్లకణములు విరివిగనున్నను, నాళపు గోడను పట్టుకొనుటకును ఆ ప్రోటీనే కావలసియుండుటచే, అవి రక్తనాళమును వీడి సోకిన చోటికి చేరలేవు. గాయము చీము పట్టదు, మానదు. తీవ్రమైన ఈ లోపమునకు మూలుగ మార్పిడి ముఖ్యమైన చికిత్స. బొడ్డుతాడు ఆలస్యముగ రాలుట ఈ లోపమునకు తొలి గుర్తు కావచ్చును. కావున పుట్టిన నెలదాటియు బొడ్డుతాడు రాలక, అక్కడ వాపు కనబడిన బిడ్డను, ఇంటి చిట్కాలతో కాలయాపన చేయక, వైద్యునికి చూపుడు.