సూక్ష్మజీవికి గడ్డి సంగతి తెలియుటెట్లు?

వరిగడ్డిలోను, ప్రత్తిలోను, కాగితములోను ముఖ్యపదార్థ మొక్కటే: సెల్యులోసు. గ్లూకోసు అణువులు వేలకొలది గొలుసుకట్టుగా చేరి, ఆ గొలుసులు దట్టముగా పేరుకొనగా ఏర్పడినది. నీటిలో కరుగదు. మనము తిన్నను జీర్ణము కాదు. ఆవునకు మాత్ర మెట్లు జీర్ణమగుచున్నది? నిజమునకు ఆ పని చేయునది ఆవు కాదు, దాని పొట్టలోని సూక్ష్మజీవులు. ఇట్టి బాక్టీరియాలు నేలలోను, పెంటకుప్పలలోను గూడ కలవు.

ఇవి సెల్యులోసును త్రుంచుటకు ఎంజైములను తయారుచేయును. ఆ తయారీకి వలయు ఆజ్ఞలు జన్యువులలో నున్నవి. కాని అది వ్యయముతో కూడిన పని. గడ్డి లేనిచోట ఎంజైములను చేయుట, గింజలు పోయకుండ తిరుగలి త్రిప్పుట వంటిది. కావున గడ్డి ఉన్నప్పుడే ఆ జన్యువులు మేల్కొనవలెను. చిక్కంతయు నిక్కడనే ఉన్నది. కరుగని సెల్యులోసు కణములోనికి పోజాలదు. వెలుపలి సంగతి లోపలి జన్యువునకు చెప్పున దెవరు?

పాలచక్కెర విషయమున ఇట్టి ప్రశ్నకు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు జాకబ్, మోనో అనువారు 1961లో సమాధానము చెప్పిరి. కాని పాలచక్కెర కరుగును, కణములోనికి పోవును. గడ్డికి ఆ సౌలభ్యము లేదు.

థెర్మోబిఫిడా ఫుస్కా అను బాక్టీరియా, కుళ్లుచున్న ఎరువుకుప్పల వేడిలో నివసించును. ఇది ఎల్లప్పుడును కొద్దిపాటి ఎంజైమును వెలుపల ఉంచుకొనును. గడ్డి తగిలినచో ఆ కొద్దిపాటిదే సెల్లోబయోసు అను జంటగ్లూకోసు తునకలను విడగొట్టును. ఇవి కరిగి లోనికి పోవును. లోపల సెల్‌ఆర్ అను ప్రోటీను, డి.ఎన్.ఎ.పై 14 అక్షరముల గుర్తును పట్టుకొని జన్యువులను అణచియుంచును. సెల్లోబయోసు తగులగానే దాని పట్టు సడలును. జన్యువులు పనికి దిగును. స్పిరిడొనోవ్, విల్సన్ అనువారు 1999లో దీనిని వెల్లడించిరి. అన్నము ఉడికినదో లేదో ఒక్క మెతుకు పట్టి చూచుట వంటిదే ఇది.

క్లాస్ట్రీడియం థెర్మోసెల్లమ్ మార్గము వేరు. మాకు మరింత ఆశ్చర్యము గొల్పిన దిదియే. దీని కణపు పొరలో ఒక ప్రోటీను అడ్డముగా నిలిచియుండును. దాని లోపలి కొన సిగ్మా అను మరొక ప్రోటీనును బంధించి ఉంచును. వెలుపలి కొన సెల్యులోసును పట్టుకొనగానే సిగ్మాకు విడుదల కలుగును. అది పోయి ఎంజైము జన్యువులను మేల్కొలుపును. ఇజ్రాయెలు పరిశోధకులు 2010లో ఈ సంగతి ప్రకటించిరి. మెతుకు పట్టి చూచుటయు లేదు, తడిమి తెలిసికొనుటయే! ఇట్టి జతలు ఈ జీవిలో పెక్కు కలవు; కొన్ని సెల్యులోసును, కొన్ని గడ్డిలోని ఇతర పదార్థములను తడుమును.

అయితే చక్కెర పేరుకొన్నచో సాధారణముగా ఈ జీవులు తయారీని తగ్గించివేయును. తమకు చాలును గదా! గడ్డినుండి ఆల్కహాలు తీయగోరువారికి ఇదియే అడ్డంకి. బూజుజాతియైన ట్రైకోడెర్మాలో, చక్కెరకు అంతగా జంకని రకమును అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయమువారు 1970 దశకముననే సాధించిరి. బాక్టీరియాలలో ఆ ప్రయత్నము సాగుచున్నది.